పాత బోటు మోటారుకు ఖర్చు పెట్టాలా, కొత్తది కొనాలా: సోమశిల దగ్గర నా అనుభవం

మా పడవ మోటారుకు పన్నెండేళ్లు దాటాయి. 15 హార్స్‌పవర్, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్. నేనూ మా బావా చెరి సగం పెట్టి కొన్నాం. కృష్ణా నదిలో సోమశిల ఎగువన రాత్రి వలలు వేసి, తెల్లవారుజామున ఎత్తి, చేపలను ఒడ్డుకు చేర్చి కొల్లాపూర్ పంపడం దాని పని. నిరుడు వరద తగ్గాక అది మొండికేసింది. తాడు లాగి లాగి భుజం పీకేది. స్టార్ట్ అయినా, పడవలో బరువు ఉంటే మోటారు గీపెడుతుందే తప్ప పడవ ముందుకు పోయేది కాదు. చల్లదనం కోసం వెనక నుంచి చిమ్మే నీటి ధార కూడా సన్నబడింది.

బావ ఒక్క మాటలో తేల్చేశాడు: ‘దీనికి ఇంక రూపాయి పెట్టొద్దు, కొత్తది తెద్దాం.’ హైదరాబాద్‌లో ఒక దుకాణానికి ఫోన్ చేస్తే, మోటారును చూడకుండానే, పదేళ్లు దాటిందంటే అయిపోయినట్టేనని చెప్పారు. కొత్తది రెండు లక్షలు దాటుతుందన్నారు. అమ్మేవాడు అలాగే చెబుతాడు, ఆయన్ను తప్పుపట్టను. కానీ వయసు విని రోగం చెప్పడం నాకు నచ్చలేదు.

అలాగని ఎలాగోలా నడిపేద్దామనుకునే నీరు కాదు ఇది. 2007 జనవరిలో సింగోటం జాతర నుంచి తిరిగి వెళుతున్నవారి పడవ మంచాలకట్ట దగ్గర మునిగి అరవై మందికి పైగా పోయారు. ఆ కారణాలు వేరు. అయినా నడినీళ్లలో మోటారు ఆగితే మా వైపు ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే. అందుకే మరమ్మతు తేలే దాకా తెడ్లతో వెళ్లగలిగినంత దూరమే వలలు వేశాం.

కొల్లాపూర్‌లో ఔట్‌బోర్డ్, అంటే పడవ వెనక బిగించే ఇలాంటి మోటార్ల మెకానిక్ అంటూ ఎవరూ లేరు. ఒక బైకు మెకానిక్ ఉన్నాడు, టూ స్ట్రోక్ బండ్ల కాలం నాటి మనిషి. ఆయన దగ్గర కంప్రెషన్ గేజ్ ఉంది, సిలిండర్‌లో ఒత్తిడి ఎంతో చూపే ముల్లు మీటరు. ‘ముందు సిలిండర్లు చూద్దాం తమ్ముడూ, మిగతాదంతా తర్వాత’ అన్నాడు. రెండు ప్లగ్గులూ విప్పి, నిప్పురవ్వ రాకుండా వైర్లను ఇంజను బాడీకి తగిలించి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పైకి పోనని ఆగేదాకా తాడు లాగాం. పై సిలిండర్ 110, కింది సిలిండర్ 105 చూపించింది. అంకె ఎంత అన్నదానికంటే రెండింటి మధ్య తేడా ముఖ్యమని ఆయన చెప్పాడు. పది శాతం లోపు ఉంటే పిస్టన్లు, రింగులు సమంగా అరుగుతున్నట్టే. ఒకటి బాగా పడిపోయి ఉంటే బోరింగ్, కొత్త పిస్టన్, రింగులు, సీళ్లు అంటూ ఖర్చు కొత్త మోటారు ధరలో సగం దాకా పోయేది. అప్పుడు నేనే బావ మాట వినేవాణ్ణి.

మరి పడవ ఎందుకు కదలడం లేదు? నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఫ్యాన్ నడుమ ఇత్తడి గొట్టం, దాని చుట్టూ రబ్బరు బుష్ ఉంటాయి. రెక్కలు దేనికైనా తగిలితే గేర్లు విరగకుండా ఆ రబ్బరు జారుతుంది. వేసవిలో నీళ్లు దిగితే 1981లో శ్రీశైలం జలాశయం కోసం ఖాళీ చేయించిన ఊళ్ల మొండిగోడలు, చెట్ల మోళ్లు పైకి తేలే చోట ఎన్ని దెబ్బలు తగిలి ఉంటాయో లెక్క లేదు. గొట్టం మీద నుంచి రెక్కల మొదలు దాకా పెయింటుతో అడ్డంగా ఒక గీత గీసి, పడవలో ఇసుక బస్తాలు వేసి నడిపి, వచ్చి చూశాం. గీత రెండు ముక్కలై పక్కకు జరిగింది. లోపల గొట్టం తిరుగుతోంది, రెక్కలు వెనకబడుతున్నాయి.

ఫ్యాన్ ఊడదీశాక దాని వెనక ఇరుసుకు ఒక నల్లటి ఉంగరం కనిపించింది. మొదట అది మోటారు భాగమే అనుకున్నాం. బ్లేడుతో కోస్తే పోగులు పోగులుగా విడిపోయింది. మా వలల నైలాన్ దారమే. చుట్టుకుని, వేడికి కరిగి గట్టిపడి, ఆయిల్ సీలును కోసేసింది. అడుగు స్క్రూ విప్పితే గేర్ ఆయిల్ పాలు కలిపిన టీలా కారింది. అంటే లోపలికి నీళ్లు చేరాయి. ఇరుసు మీద సీలు కూర్చునే చోట గోటితో గీసి చూశాడు మెకానిక్. గాడి పడలేదు. పడి ఉంటే కొత్త సీలు వేసినా నిలిచేది కాదట. గేర్ల పళ్లు కూడా శుభ్రంగా ఉన్నాయి. ఉప్పునీళ్లు తగలని మోటారు కాబట్టి బోల్టులు విరగకుండా ఊడివచ్చాయి. సముద్రంలో తిరిగినదై ఉంటే అక్కడే సగం కథ ముగిసేదేమో.

చల్లదనం కోసం నీళ్లు తోడే పంపులో తిరిగే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, దాని రెక్కలు ఒక పక్కకు వంగిపోయి బిరుసెక్కాయి. వరద నీళ్ల ఒండ్రుకు అది అరగడం మామూలే. కార్బురేటర్‌లో జిగట పేరుకుంది. తాడు లాగి భుజం పోవడానికి కారణం అదే. ఇప్పుడు వచ్చే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. అందుకే గొట్టం కూడా మార్చాం. ఇప్పుడు కొన్నాళ్లు పడవ తీయమని తెలిస్తే, ట్యాంకు గొట్టం పీకేసి కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపుతున్నాం.

విడిభాగాలు కాకినాడ నుంచి పార్శిల్‌లో తెప్పించాం. ఇంపెల్లర్, సీళ్లు, బుష్‌తో సహా ఫ్యాన్, గొట్టం, ప్లగ్గులు, కూలి అన్నీ కలిపి 14,000 దాటలేదు.

కొత్త మోటారును నేను తీసిపారేయను. ఫోర్ స్ట్రోక్ తక్కువ పెట్రోలు తాగుతుంది, ఆయిల్ కలిపే పని లేదు. లీటరుకు 20 మిల్లీలీటర్లు కొలిచి పోసే మాకు అది చిన్న సుఖమేమీ కాదు. కానీ మా పాతది నలభై కిలోలకు అటూ ఇటూ, అదే శక్తి ఉన్న ఫోర్ స్ట్రోక్ యాభై దాకా తూగుతుంది. దొంగల భయంతో రోజూ మోటారు విప్పి ఇంటికి మోసుకొచ్చేది మేమే కదా! పైగా మా పడవ వెనక పలక పొట్టి కాడ (మోటారు నుంచి ఫ్యాన్ దాకా కిందికి దిగే భాగం) మోటారుకు కట్టినది. దుకాణంలో చేతిలో ఉన్నది పొడుగు కాడది. అది బిగిస్తే ఫ్యాన్ ఇంకో ఐదంగుళాలు కిందికి దిగుతుంది, అంటే ఆ మొండిగోడలకు ఇంకా దగ్గరవుతుంది.

ఊళ్లో కొందరు మరో మాట అన్నారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెన వస్తోంది, 2022లో వెయ్యి కోట్లకు పైగా మంజూరైంది, ఇంక పడవల మీద డబ్బు ఎందుకని. మనుషులను దాటించేవారికి అది నిజంగా ఆలోచించాల్సిన విషయమే. మేము దాటించేది రవ్వ, బొచ్చె చేపలను. వాటికి వంతెనతో పని లేదు.

బావ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఇద్దరం ఒక షరతుకు వచ్చాం. ఏటా వరదకు ముందు అదే గేజ్‌తో చూస్తాం. రెండు సిలిండర్ల తేడా పది శాతం దాటితే ఇక రూపాయి పెట్టం, విడిభాగాల కింద అమ్మేస్తాం. ఈలోగా మరమ్మతు పోను మిగిలిన డబ్బును బావ విడిగా బ్యాంకులో వేయించాడు, అది కూడా తన పేరు మీదే.