ఏ సైడు, రెండుసార్లు

ఆదివారం, రాత్రి పదిన్నర

ఇంటికొచ్చి గంటైంది. స్నానం చేశాను, పెరుగన్నం తిన్నాను, అయినా ఇవాళ విన్న జాజ్ రికార్డులోని బేస్ వాయిద్యం చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. పడుకుంటే పొద్దుటికి సగం మర్చిపోతాను. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

నెలకో ఆదివారం పెరంబూరులో బాబాయిగారింట్లో కూర్చుని ఆల్బమ్‌లు వినడం మాకు అలవాటైపోయింది. ఆయన నాకు చుట్టమేమీ కాదు. మా ఆఫీసులో నాతో పనిచేసే నెల్లూరు అబ్బాయికి మేనమామ. వాడు మామయ్యా అంటాడు, నేను బాబాయిగారూ అంటాను. వాడు నన్ను అక్కా అంటాడు కాబట్టి నాకు వాడు తమ్ముడు. కోడంబాక్కంలో లోకల్ ఎక్కి, పార్క్ స్టేషన్‌లో దిగి, రోడ్డు దాటి, మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో ఇంకో లోకల్ పట్టుకుంటే పెరంబూరు. 1985లో తగలబడిపోయిన ఆ పాత మూర్ మార్కెట్‌లోనే బాబాయిగారు తన మొదటి రికార్డులు కొన్నారట.

మిగతావి మాత్రం కొన్నవి కావు. ఆయన ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో, చేరిన కొత్తల్లో పక్క క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ ఉండేవాడు. సూళ్లూరుపేట నుంచి వచ్చిన కుర్రాణ్ణి సాయంత్రాలు కూర్చోబెట్టుకుని జాజ్ వినిపించేవాడు. ఆస్ట్రేలియా వెళ్లిపోతూ రికార్డుల పెట్టె ఈయన చేతుల్లో పెట్టి వెళ్లాడు.

మా పద్ధతి ఒకటే. మనిషికొక ఆల్బమ్. మొదటి పాట నుంచి చివరిదాకా మధ్యలో మాట్లాడకూడదు. ఫోన్లు ఫ్రిజ్ మీద పెట్టాలి.

ముందు తమ్ముడి వంతు. ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’, 1973 నాటిది. పోయిన నెల ఇదే ఆల్బమ్ ఫోన్‌లోంచి పెడితే పాటకీ పాటకీ మధ్య చిన్న ఖాళీ వచ్చింది, ఒకచోటైతే లోన్ ప్రకటన కూడా దూరింది. ఒక పాట ఇంకో పాటలోకి జారిపోయేలా కూర్చిన ఆల్బమ్ అది. వాడికి ఎంత బాధేసిందో, ఈసారి సీడీ వెతికి మరీ పట్టుకొచ్చాడు. ‘టైమ్’ పాట ముందు గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి కదా, ఆలన్ పార్సన్స్ అనే ఇంజనీరు పాత గడియారాల షాపుకెళ్లి వాటిని విడివిడిగా రికార్డు చేశాడు. అవి మోగగానే బాబాయిగారు కుర్చీలో నిటారుగా అయిపోయారు. “ఫ్యాక్టరీ సైరన్‌కి అలాగే లేచేవాణ్ణిరా” అన్నారు ఆల్బమ్ అయ్యాక.

ఆ తర్వాత పాటలో క్లేర్ టోరీ గొంతు. ఒక్క మాట ఉండదు, అంతా ఆలాపనే. వంటింట్లోంచి పిన్ని వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. పాట అయ్యాక నెమ్మదిగా, “ఎవరమ్మా ఆ పిల్ల? ఏమైంది తనకి?” అని అడిగింది. స్టూడియోకి పిలిపిస్తే వచ్చి, 30 పౌండ్లు తీసుకుని పాడి వెళ్లిన గాయని. కోర్టుకెక్కి, 2005లో రాజీ కుదిరాక గానీ ఆ పాట కట్టినవాళ్లలో ఆవిడ పేరు చేరలేదు. ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మాటలే లేని పాటలో ఆలాపన చేసిన మనిషిది కాకపోతే ఆ పాట ఇంకెవరిది?

నేను పట్టుకెళ్లింది మన సంగీతాన్నీ జాజ్‌నీ కలిపి వాయించే ‘రిమెంబర్ శక్తి’ బృందం వాళ్ల ‘ద బిలీవర్’, 2000లో వచ్చింది. మాది భీమవరం. పాలకొల్లు మాకు పక్కూరే. ఆ పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్ పక్కన కూర్చుని వాయిస్తుంటే నాకు ఊరి కాలవ గట్టు కనిపిస్తుంది. ‘లోటస్ ఫీట్’ 1976లో, ఈ బృందానికి ముందున్న ‘శక్తి’ బృందం మొదటి ఆల్బమ్‌లో ఎల్. శంకర్ వయొలిన్ మీద పలికిన పాట. ఇందులో అదే పాట మాండొలిన్ మీద. శ్రీనివాస్ 2014లో ఈ చెన్నైలోనే పోయారు, నలభై ఐదేళ్లకి. 2024 డిసెంబరులో, ఇందులో తబలా వాయించిన జాకిర్ హుస్సేన్ కూడా వెళ్లిపోయారు. పాట అయ్యాక ఎవరం ఏమీ అనలేదు.

ఇక బాబాయిగారి వంతు. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, 1959. ఆయన రికార్డు తీసే తీరు చూడటం నాకు చాలా ఇష్టం. అట్టలోంచి జారనిచ్చి, రెండు అరచేతుల అంచులతో పట్టుకుంటారు. వేలు గాడుల మీద పడనివ్వరు. మెత్తటి గుడ్డతో గాడుల వెంటే గుండ్రంగా తుడుస్తారు. తర్వాత లేచి ఫ్యాను ఆపేస్తారు. చెన్నై ఎండలో ఫ్యాను ఆపడమంటే మాటలా! కానీ ‘బ్లూ ఇన్ గ్రీన్’లో ఆ ట్రంపెట్ ఎంత సన్నగా ఉంటుందంటే, ఫ్యాను చప్పుడులో సగం పోతుంది. ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ముల్లు దిగింది, చిటపటమంది.

‘సో వాట్’లో పాల్ ఛాంబర్స్ బేస్ ఏదో అడుగుతుంది. మిగతావాళ్లు రెండే రెండు దెబ్బల్లో ‘అయితే ఏంటి’ అన్నట్టు బదులిస్తారు. కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) గబగబా మారవు. ఒకే స్వరాల వరసలో చాలాసేపు నిలబడి, అర మెట్టు పైకి జరిగి, మళ్లీ కిందికి వచ్చేస్తారు. మైల్స్ సోలో సగంలో ఉండగా గుమ్మంలోంచి సన్నగా కూనిరాగం వినిపించింది. పిన్ని! “చక్కని రాజమార్గములుండగ” అంటోంది. పిన్ని పొద్దున్నపూట వీధిలో పిల్లలకి సంగీతం చెబుతుంది. “ఇది ఖరహరప్రియ రాగమే కదండీ” అంది. అవును, పాశ్చాత్య సంగీతంలో డోరియన్ అనే వరసే అది, అవే స్వరాలు. మాట్లాడకూడదన్న నియమం అందరం మర్చిపోయాం.

పిన్ని అంతటితో ఊరుకోలేదు. అలమర మీంచి శ్రుతి పెట్టె దించి, ఆ పాట ఉండాల్సిన రెండు శ్రుతిలో (వాళ్ల ‘డి’ స్వరం) పెట్టింది. కలవలేదు. పక్కనున్న చిన్న మీటని కాస్త పైకి తిప్పితే గానీ కూర్చోలేదు. “మీ ప్లేయరు పరుగెడుతోందండీ” అంది. బాబాయిగారి ముఖం చిన్నబోయింది. బెల్టు మార్పించి రెండు నెలలు కూడా కాలేదు. సరే అని రికార్డు తిరగేసి ‘ఆల్ బ్లూస్’ పెట్టి, శ్రుతి పెట్టె మీట మామూలుగా తెచ్చి, ఈ పాటకి తగ్గ ఐదు శ్రుతిలో (వాళ్ల ‘జి’) పెడితే గీత గీసినట్టు కలిసిపోయింది. ప్లేయర్ తప్పు కాదు!

అప్పుడు తమ్ముడు నోరు విప్పాడు. మొదటి వైపు మూడు పాటలూ 1959 మార్చి 2న, రెండో వైపువి ఏప్రిల్ 22న రికార్డు చేశారు, న్యూయార్క్‌లో ఒకప్పటి చర్చిని స్టూడియోగా మార్చిన చోట. మార్చిలో ఒక టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో ఆ టేపు మామూలు వేగంతో మోగిస్తే శ్రుతి పైకి వెళ్లింది. 1990ల్లో గానీ దాన్ని సరిచేసి మళ్లీ విడుదల చేయలేదు. ఫోన్‌లో సరిచేసింది పెట్టి చూపించాడు. రెండు శ్రుతిలో చక్కగా కూర్చుంది.

బాబాయిగారు చాలాసేపు అట్ట వైపే చూస్తూ ఉండిపోయారు. “అయితే నలభై ఏళ్లు నేను విన్నది వాళ్లు వాయించింది కాదా?” అన్నారు. ఆ గొంతు విని నాకు కడుపులో దేవినట్టయింది. వాడు అనవసరంగా చెప్పాడేమో అనిపించింది. పిన్ని మాత్రం శ్రుతి పెట్టె చేతిలోకి తీసుకుని, “సా ఎక్కడ పెట్టుకుంటే అక్కడే కదండీ. రికార్డు వేయండి, నేను దానికే కలుపుతాను” అంది.

మళ్లీ ‘ఏ’ సైడు, అంటే మొదటి వైపు, మొదటి నుంచి వేశారు. ఈసారి పిన్ని కూడా మాతోపాటు నేల మీద కూర్చుంది, మీట కొంచెం పైకి తిప్పి, శ్రుతి పెట్టెని బాగా చిన్నగా పెట్టుకుని. బాబాయిగారు కళ్లు మూసుకున్నారు. బిల్ ఇవాన్స్ పియానో ఆ శ్రుతి మీద తేలుతుంటే నేను ఇదివరకు ఎన్నిసార్లు విన్నా వినపడని ఒక నిలకడ వినపడింది.

మజ్జిగ తాగి బయల్దేరేముందు బాబాయిగారు తన పాత రైల్వే డైరీ తెచ్చారు. ఏ రోజు ఏ రికార్డు విన్నదీ, ఎవరెవరు ఉన్నదీ అందులో రాసుకుంటారు. ఎప్పుడూ ఆయనే రాసే డైరీలో ఈసారి పెన్ను నా చేతికిచ్చారు. తేదీ వేసి, ‘కైండ్ ఆఫ్ బ్లూ, ఏ సైడు, రెండుసార్లు’ అని రాశాను. మా ముగ్గురి కింద పిన్ని పేరు కూడా రాయమన్నారు. ఆ డైరీలో ఆవిడ పేరు ఎక్కడం అదే మొదలు.