ఊడ్చిన ఎనిమిదో రోజు

గోదావరి కాలువ బోదె (పిల్లకాలువ) దగ్గర నీళ్ళ వంతు కోసం పక్కచేను బాబాయి మీద మళ్ళీ అరిచేశాను. బాప్తిస్మం తీసుకుని 11 ఏళ్ళు. ఇంకా ఇదే కోపం. ప్రభువా, ఎప్పటికి మారతాను?

గట్టు మీద కూలబడ్డాను. మా చేను ఊడ్చి, అంటే వరి నారు నాటి, ఎనిమిది రోజులైనా అది పాలిపోయే ఉంది. ఒక మొక్క పీకి మట్టి కడిగాను. పాత వేళ్ళ మధ్య దారప్పోగుల్లా తెల్లటి కొత్త వేళ్ళు! పైన ఒక్క ఆకూ మారలేదు.

మార్కు 4లో యేసు చెప్పిన విత్తనం గుర్తొచ్చింది. చల్లినవాడు పడుకుంటాడు, లేస్తాడు, అదెలా పెరుగుతుందో అతనికే తెలియదు. ముందు మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాతే గింజ. ఎన్నోసార్లు చదివాను. చేత్తో తాకింది ఇవాళే.

మొక్కను మళ్ళీ అక్కడే నాటేశాను. చీకటి పడకముందే బాబాయి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. పోయినేడు ఇలాగే జరిగితే ఆ గుమ్మం ఎక్కడానికి నాకు మూడు వారాలు పట్టింది.