ఒక చెవితో ఒకసారి, రెండు చెవులతో ఇంకోసారి

తిరుపతి రైల్వే స్టేషన్‌కి నడిచి పోయేంత దూరంలో ఉన్న ఒక లాడ్జిలో నాది నైట్ డ్యూటీ. రాత్రి పదికి ఎక్కితే పొద్దున ఆరుకి దిగుతాను. పన్నెండున్నర దాకా ఊపిరాడదు. రైలు దిగి వచ్చేవాళ్ళు, ఆధార్ జిరాక్సులు, అడ్వాన్సులు, "వేడినీళ్ళు ఎన్నింటికి వస్తాయన్నా" అనే ప్రశ్నలు. మళ్ళీ మూడు దాటాక కదలిక మొదలవుతుంది. విష్ణు నివాసం దగ్గర దర్శనం టోకెన్ల క్యూకి పోవాలని నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని భుజాన వేసుకుని మెట్లు దిగుతారు. మధ్యలో ఉన్న ఆ రెండు, రెండున్నర గంటలు నావి. 2023 నవంబరు నుంచీ ఆ టైములో నేను చేసే పని ఒకటే. బిల్‌బోర్డ్ 200లో కొత్తగా దిగిన ఆల్బమ్‌లు వింటాను.

బిల్‌బోర్డ్ 200 అంటే అమెరికాలో ఆ వారం ఎక్కువగా అమ్ముడైన, ఎక్కువ మంది విన్న రెండు వందల ఆల్బమ్‌ల పట్టిక. శుక్రవారం నుంచి గురువారం దాకా లెక్క. 2015 జూలై నుంచి దాదాపు ప్రపంచమంతా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే వస్తున్నాయి, మన సినిమాల్లాగే. పట్టికలో మొదటి స్థానం ఎవరిదన్నది నాకు అంత ముఖ్యం కాదు. పోయిన వారం లేకుండా ఈ వారం కనిపించిన పేర్లు వెతుక్కుంటాను. వాటిలో ఐదు తీసుకుంటాను. పెట్టుకున్న నియమం ఒకటే, ఏ రెండూ ఒకే రకం సంగీతం కాకూడదు. నాకు నచ్చేదే వెతుక్కుంటూ పోతే ఇరవై ఏళ్ళనాటి ఇళయరాజా దగ్గరే ఆగిపోతానని నాకు తెలుసు. పట్టిక అయితే నా ఇష్టం అడగదు.

విన్నవన్నీ రాసి పెట్టుకుంటాను. పక్కన పడేసిన పాత గెస్ట్ రిజిస్టరులో ఖాళీ పేజీలు ఉంటే ఓనర్ని అడిగి తెచ్చుకున్నాను. గళ్ళు ముందే కొట్టి ఉన్నాయి: పేరు, ఊరు, ఎంతమంది, వచ్చిన టైము, ఖాళీ చేసిన టైము. ఎంతమంది అన్న చోట పాటల సంఖ్య వేస్తాను. చివరి గడి, అంటే ఆల్బమ్ పట్టికలోంచి పోయిన వారం, నింపడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, ఒక్కోసారి రెండో వారమే నింపేస్తాను. కొరియా బృందాల సంగతి చూడండి. స్ట్రే కిడ్స్ వాళ్ళ 'కర్మ' 2025 ఆగస్టులో వచ్చింది. పట్టికలోకి వచ్చిన మొదటి ఏడు ఆల్బమ్‌లూ నేరుగా మొదటి స్థానంలోనే దిగిన బృందం అంతకు ముందు లేదు. అభిమానులు రకరకాల కవర్లతో, లోపల ఫొటో కార్డులతో వచ్చే సీడీలు ఒకటికి నాలుగు కొంటారు. ఆ కొనుగోలంతా మొదటి వారమే అయిపోతుంది కాబట్టి ఇలాంటివి తర్వాత గబగబా కిందికి జారిపోతుంటాయి. ఇంకోవైపు పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఉంది, ఆగుతూ వస్తూ 900 వారాలు దాటింది. నా రిజిస్టరులో అయితే దానికి ఒక పేజీ చాలదు.

మొదట్లో రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాణ్ణి. ఒకరోజు తల ఎత్తి చూసేసరికి కౌంటర్ ముందు ఒక ముసలావిడ నిలబడి ఉంది. భర్తకి ఆయాసం వచ్చిందట, పది నిమిషాలుగా పిలుస్తున్నానని చెప్పింది. కోప్పడలేదు. ఆయనకి ఏమీ కాలేదు, ఆటో పిలిపించి ఆస్పత్రికి పంపాం, పొద్దున్నే నడుచుకుంటూ వచ్చారు. అయినా ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రాత్రి నుంచి ఎడమ చెవిలో మాత్రమే పెట్టుకుంటున్నాను. కుడి చెవి కౌంటరుకి.

దీనితో ఒక తిప్పలు వచ్చింది. 2025 మే నెలలో స్లీప్ టోకెన్ అనే ఇంగ్లండ్ బృందం 'ఈవెన్ ఇన్ ఆర్కేడియా' పట్టికలో మొదటి స్థానంలో దిగింది. మెటల్ సంగీతం, అంటే గిటార్లు, డ్రమ్స్ మోత గట్టిగా ఉండే రాక్. వాళ్ళు ముఖాలు చూపించరు, ముసుగులు వేసుకుంటారు. డ్రమ్స్ వాయించే అతనికి పేరు కూడా లేదు, 'రెండు' అంటారంతే. మాకు ఆ నెలలోనే గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసుకుని మనుషులు వీధిలో తిరుగుతుంటే పక్కింటాయనే అయినా గుర్తుపట్టలేం, గుర్తుపట్టినా ఆ పేరుతో పిలవం. కాబట్టి ముసుగు నాకు వింత అనిపించలేదు. సంగీతం మాత్రం పలచగా అనిపించింది. ఇంత గోల చేస్తారని పేరున్న బృందం ఇంతేనా అని రిజిస్టరులో కూడా అట్లాగే రాశాను.

మరుసటి మధ్యాహ్నం నిద్రలేచాక, బైరాగిపట్టెడలో మా ఇంట్లో, రెండు చెవుల్లోనూ పెట్టుకుని మళ్ళీ విన్నాను. మంచం మీద లేచి కూర్చున్నాను. రాత్రి విన్నది సగమే. మెటల్ బృందాలు ఒకే గిటారు భాగాన్ని రెండుసార్లు వాయించి, ఒకదాన్ని పూర్తిగా ఎడమకి, ఇంకోదాన్ని పూర్తిగా కుడికి పెడతారు. రెండూ అచ్చం ఒకేలా ఉండవు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా వల్లే మన తల మధ్యలో ఒక గోడ లేచినట్టు ఉంటుంది. నేను రాత్రంతా ఒక పక్క గిటారు విని ఆ బృందం గురించి తీర్పు రాసేశాను. ఆ పేజీలో రాసింది కొట్టేసి కింద మళ్ళీ రాశాను.

తర్వాత తెలిసింది, ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట 'మోనో ఆడియో' అని ఒకటి ఉంటుంది. ఒక చెవి వినపడని వాళ్ళ కోసం పెట్టింది. దాన్ని ఆన్ చేస్తే రెండు పక్కల శబ్దమూ కలిసి ఏ చెవిలో పెట్టుకున్నా మొత్తం వస్తుంది. వెడల్పు పోతుంది గానీ ఏదీ తప్పిపోదు. ఇప్పుడు నా పద్ధతి ఇది: రాత్రి మోనోలో ఒక చెవితో ఒకసారి, మధ్యాహ్నం రెండు చెవులతో ఇంకోసారి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో దూకకుండా. రెండోసారి విన్నాకే నాలుగు ముక్కలు రాస్తాను. ముప్పై సెకన్లు విని పక్కన పెట్టేవాళ్ళతో నేను గట్టిగానే వాదిస్తాను. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో నెలల తరబడి ఆలోచించి పేర్చినవాళ్ళు ఉన్నారు.

అన్ని ఆల్బమ్‌లూ ఆ శ్రమకి తగినట్టే ఉంటాయని అనను. మోర్గన్ వాలెన్ 'ఐమ్ ద ప్రాబ్లమ్' అనే కంట్రీ (అమెరికా పల్లెల బాణీ) ఆల్బమ్‌లో 37 పాటలు, రెండు గంటలకి దగ్గర. 2014 డిసెంబరు నుంచి ఈ పట్టికలో ఆన్‌లైన్‌లో వినడాన్ని కూడా కలిపారు. మొదట్లో పాటలు 1,500 సార్లు మోగితే ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టు. ఆ అంకె తర్వాత మారింది గానీ పద్ధతి అదే. పాటలు ఎన్ని ఎక్కువ ఉంటే లెక్క అంత పెరుగుతుంది. దాన్ని రెండు రాత్రులుగా విన్నాను. పెడల్ స్టీల్ గిటారు స్వరం నుంచి స్వరానికి జారే పద్ధతి మాత్రం బాగా నచ్చింది, గమకానికి దగ్గరి చుట్టం. పాటల్లో నాకు మిగిలినవి ఆరు.

ఇక బ్యాడ్ బన్నీ. ప్యూర్టో రికో దీవి కుర్రాడు. 'దెబీ తిరార్ మాస్ ఫోటోస్' అంటే 'ఇంకా ఫొటోలు తీసుకుని ఉండాల్సింది' అని. 2025 జనవరి 5న, ఆదివారం వచ్చింది. వారంలో రెండు రోజులు పోవడంతో రెండో స్థానంలో దిగి, తర్వాతి వారం మొదటి స్థానానికి ఎక్కింది. 2026లో అమెరికా సంగీత అవార్డులైన గ్రామీల్లో ఆ ఏటి ఆల్బమ్ అవార్డు దీనికే ఇచ్చారు, పూర్తిగా స్పానిష్‌లో ఉన్న ఆల్బమ్‌కి అది రావడం అదే మొదలు. నేను దీన్ని విన్నది మాత్రం కవర్ చూసి. అరటిచెట్ల ముందు రెండు తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు, ఖాళీగా. మనిషి లేడు. మా తాత పోయాక ఊళ్ళో ఇంటి వెనక, అరటిచెట్ల పక్కన, ఇట్లాంటి కుర్చీలే రెండు ఉండిపోయాయి. ఒకదాని చేయి విరిగి ఉండేది. వాటిలో తాతా అవ్వా కూర్చుని ఉన్న ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు.

అందులో ప్లేనా అనే వాళ్ళ జానపదం ఉంది. చర్మం బిగించిన గుండ్రటి పలకలు, మూడు సైజులు. పెద్దది నడక పట్టుకుంటుంది, మధ్యది దానికి జవాబు చెబుతుంది, చిన్నదాన్ని రెక్వింతో అంటారు, అది తన ఇష్టం వచ్చినట్టు పైన పరుగెత్తుతుంది. మా చిత్తూరు పల్లెల్లో పలకలు మంట సెగకి కాచి బిగించి కొట్టేవాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి, ఆ చిన్నదాని మోత వినగానే నా వేళ్ళు కౌంటర్ బల్ల మీదకి పోయాయి. ప్లేనాని వాళ్ళు 'పాడే వార్తాపత్రిక' అంటారట. పేటలో ఏం జరిగిందో పాట కట్టి చెప్పేవాళ్ళు. కొత్త కుర్రాళ్ళ డాన్స్ పాటల మధ్యలో ఆ పలకల్ని అతను ఎక్కడా పాతకాలపు వస్తువులా చూపించలేదు. ఈ ఆల్బమ్‌కి నా రిజిస్టరులో చివరి గడి ఇంకా ఖాళీగానే ఉంది.

రోసాలియా 'లక్స్' 2025 నవంబరులో వచ్చింది. స్పెయిన్ గాయని, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి పదికి పైగా భాషల్లో పాడింది. రకరకాల దేశాల భక్తురాళ్ళ, సన్యాసినుల కథలు ఆ పాటలకి మూలం. మా అమ్మ పుట్టిల్లు వాయల్పాడు, తరిగొండకి దగ్గర. చిన్నప్పుడే భర్త పోయినా జుట్టు తీయించుకోనని ఊరందరి ముందూ నిలబడ్డ వెంగమాంబ కథ అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఇప్పటికీ తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఇస్తారు. నేను కింద ఇయర్‌ఫోన్ పెట్టుకునే వేళకే పైన ఆ హారతి. ఆర్కెస్ట్రా ఉన్నట్టుండి ఆగి గొంతు ఒక్కటే మిగిలిన చోట నేను ఆపి, కాసేపు బయటికి వచ్చి కొండ మీది లైట్లు చూస్తూ నిలబడ్డాను. ఆ ఆల్బమ్ గురించి ఇంతకన్నా రాయలేకపోతున్నాను.

పోయిన మాఘంలో ఒక రాత్రి కొత్తదేదీ పెట్టలేదు. ఈ అలవాటు నాకు మొదలైన ఆల్బమే మళ్ళీ తీశాను, ఆండ్రే 3000 'న్యూ బ్లూ సన్'. 2023 నవంబరులో వచ్చింది, 34వ స్థానంలో దిగింది. ర్యాప్ పాడి పేరు తెచ్చుకున్న మనిషి పూర్తిగా మాట వదిలేసి 87 నిమిషాలు వేణువులు ఊదాడు. మొదటి పాటే 12 నిమిషాల 20 సెకన్లు.

లాబీలో పుత్తూరు పక్క నుంచి వచ్చిన నాదస్వరం ఆయన ఒకరు కూర్చుని ఉన్నారు. కొండమీద పెళ్ళికి తెల్లవారుజామున ముహూర్తం, వ్యాన్ కోసం చూస్తున్నారు. ఒళ్ళో వాద్యం పెట్టె. "ఏం వింటా ఉండావు నాయనా?" అన్నారు. ఇయర్‌ఫోన్ రెండోది ఆయన చెవిలో పెట్టాను. మోనో ఆన్‌లోనే ఉంది కాబట్టి ఇద్దరికీ మొత్తం వినపడుతోంది.

కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి, "ఇంకా రాగం ఎత్తుకోలేదే" అన్నారు.

"ఎత్తుకోడు సామీ, ఇట్లాగే పోతుంది."

"అట్లనా" అని మళ్ళీ విన్నారు. ఆయన వేళ్ళు పెట్టె మీద, లేని రంధ్రాలు మూస్తూ తెరుస్తూ కదులుతున్నాయి. "ఊపిరి బాగా దాచుకుంటా ఉండాడు. తొందర లేదు మనిషికి."

బయట వ్యాన్ హారన్ కొట్టింది.

"ఇంకెంతసేపు ఉంది?"

"మూడు నిమిషాలు."

కళ్ళు తెరవకుండానే డ్రైవర్ని ఉండమని చేయి చూపించారు.