డిస్కుల మధ్య సందు: రెక్కలు లేని చిన్న పంపులో రక్తం

తిరిగే రెక్కలతో ద్రవాన్ని బయటికి విసిరే మామూలు సెంట్రిఫ్యూగల్ పంపును చిన్నది చేస్తూ పోతే ఒక దశ దాటాక దాని సామర్థ్యం వేగంగా పడిపోతుంది. రెక్కల మధ్య దారులు ఇరుకైన కొద్దీ, ద్రవాన్ని ముందుకు నెట్టడానికి కావలసిన శక్తిలో పెద్ద భాగం గోడల ఒరిపిడికే ఖర్చవుతుంది. రక్తం వంటి జిగట ద్రవాలతో ఆ దశ ఇంకా ముందే ఎదురవుతుంది. నికోలా టెస్లా 1909లో దరఖాస్తు చేసి 1913 మే 6న పేటెంటు పొందిన డిస్కు పంపు నన్ను ఇంతగా ఆకట్టుకోవడానికి కారణం, ఆ ఒరిపిడినే అది తన పనికి వాడుకోవడం. మధ్యలో రంధ్రం ఉన్న నున్నటి పలుచని డిస్కులను కొద్దికొద్ది ఎడంతో ఒకే షాఫ్టు మీద బిగించి తిప్పితే, వాటి ఉపరితలాన్ని అంటుకున్న ద్రవం వాటితో పాటు తిరుగుతూ, తన పక్కనున్న పొరను కూడా లాక్కుంటూ, సుడిగా అంచు వైపు సాగి, చుట్టూ ఉన్న తొడుగులోకి, అంటే కేసింగులోకి చేరుతుంది.

ఈ ఆలోచనను రక్తానికి వాడటం ఇప్పటి సంగతి కాదు. హెరాల్డ్ క్లెట్ష్కా, ఎడ్సన్ రాఫర్టీ 1970లలో రూపొందించిన బయో-పంపులో రెక్కలకు బదులు, ఒకదానిలో ఒకటి ఇమిడిన నున్నటి శంకువులు తిరుగుతాయి. గుండె శస్త్రచికిత్సల్లో ఆ పంపును విస్తృతంగా వాడారు. సమాంతర డిస్కులతోనే రక్తాన్ని నడిపించే పంపు గురించి జెరాల్డ్ మిల్లర్ బృందం 1990లో పరిశోధనా పత్రం ప్రచురించింది.

అయితే పంపును అరచేతిలో పట్టేంత చిన్నది చేయాలనుకున్నప్పుడు, డిస్కుల సంఖ్య కన్నా, వాటి లోహం కన్నా ముందు తేల్చుకోవలసింది వాటి మధ్య సందు అని నా అభిప్రాయం. ద్రవపు స్నిగ్ధతను (జిగటతనాన్ని) సాంద్రతతోనూ, వచ్చిన దాన్ని కోణీయ వేగంతోనూ భాగించి వర్గమూలం తీస్తే సరిహద్దు పొర (డిస్కు లాగుడు అందే పలుచని ద్రవపు పొర) మందం ఎంతో తెలుస్తుంది. దానికి మూడు రెట్లు దాటి కాస్త ఎక్కువ సందు ఉంటే, రెండు డిస్కుల పొరలూ మధ్యలో కలుసుకుని ద్రవమంతా లాగబడుతుంది. సందు అంతకన్నా వెడల్పైతే నడుమ ఉన్న ద్రవానికి ఆ లాగుడు అందదు. ఇరుకైతే బయటికి సాగే ప్రవాహాన్ని గోడలే అడ్డుకుంటాయి. రక్తం స్నిగ్ధత 3.5 సెంటీపాయిజ్ అనుకుంటే, నిమిషానికి 3000 చుట్లు తిరిగే 40 మిల్లీమీటర్ల డిస్కుకు ఈ సందు దాదాపు 0.32 మిల్లీమీటర్లు వస్తుంది. అదే పీడనం కోసం డిస్కు వ్యాసాన్ని 20 మిల్లీమీటర్లకు తగ్గించి వేగాన్ని 6000 చుట్లకు పెంచితే 0.23 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే వ్యాసం సగమైనా సందు సగం కాదు. ఎర్ర రక్తకణం వ్యాసం 7, 8 మైక్రోమీటర్లే కాబట్టి అంత సందులో దానికి చోటు ధారాళంగానే ఉంటుంది.

చోటు ఉన్నంత మాత్రాన కణం భద్రంగా ఉన్నట్టు కాదు. ఆ 20 మిల్లీమీటర్ల డిస్కులతో నిమిషానికి 5 లీటర్లు పంపాలనుకుందాం. సందులు ఆరే ఉంటే, కేంద్రం నుంచి బయటికి సాగే ప్రవాహాన్ని మాత్రమే పట్టించుకున్న ముతక లెక్కలో కూడా, 4 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర గోడ మీది షియర్ స్ట్రెస్ (జారే పొరల ఒరిపిడి వల్ల ఉపరితలం మీద పడే ఒత్తిడి) 200 పాస్కల్స్ దాటిపోతుంది. కణాలు పగలడానికి హద్దుగా తరచు చెప్పే విలువ 150 పాస్కల్స్. ఆ విలువ నిమిషాల పాటు సాగే ఒరిపిడికి సంబంధించినదనీ, మన డిస్కుల మధ్య కణం ఉండేది కొన్ని మిల్లీసెకన్లేననీ వాదించవచ్చు. కానీ నిమిషానికి 5 లీటర్లంటే మనిషి ఒంట్లోని రక్తమంతా ఇంచుమించు నిమిషానికొకసారి ఈ పంపులోంచి పోతుంది. రోజుకు 1440 సార్లు. అందుకే సందులను పన్నెండుకు పెంచి, ఆ విలువను 110 పాస్కల్స్ దగ్గరికి దించడమే మేలని నేను నమ్ముతున్నాను. డిస్కు మందం 0.3 మిల్లీమీటర్లైతే మొత్తం దొంతర 7 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది.

డిస్కు పంపు రక్తానికి మృదువైనదని అనేవారు ఎక్కువగా డిస్కుల లోపలి సంగతే చూస్తారు. చివరి డిస్కుకూ కేసింగుకూ మధ్య ఉన్న పక్క సందు నన్ను అంతకన్నా ఎక్కువ కలవరపెడుతుంది. పైన చెప్పిన డిస్కు అంచు వేగం సెకనుకు 6.3 మీటర్లు, పక్కన 0.1 మిల్లీమీటరు మాత్రమే వదిలితే అక్కడి షియర్ స్ట్రెస్ 220 పాస్కల్స్‌కు చేరుతుంది. సందు పెంచితే కొంత తగ్గుతుంది గానీ, సరిహద్దు పొర మందం దాటాక అంతగా తగ్గదు, పైగా అధిక పీడనం నుంచి వెనక్కి కారే రక్తం పెరిగి, అవే కణాలు మళ్లీ మళ్లీ ఆ ఒరిపిడికి గురవుతాయి. తయారీలో అత్యంత కచ్చితత్వం ఇక్కడే కావాలి.

ఇక డిస్కులను విడదీసి ఉంచే స్పేసర్ల విషయం. పారదర్శకమైన అక్రిలిక్ కేసింగులో నీరు, గ్లిజరిన్ కలిపిన ద్రవాన్ని తిప్పుతూ కొద్దిగా రంగు వదిలితే, డిస్కుల మీద రంగు క్షణంలో కొట్టుకుపోతుంది గానీ, ప్రతి స్పేసర్ వెనక, తిరిగే దిశకు వెనుక వైపున, ఒక సన్నని తోక చాలాసేపు వదలకుండా ఉంటుంది. రక్తం విషయంలో ఆ తోక ప్రమాదకరమైనది. డిస్కుల మధ్య వేగంగా కదులుతున్నంత సేపు రక్తం స్నిగ్ధత దాదాపు స్థిరంగా ఉంటుంది. నెమ్మదించిన చోట ఎర్రకణాలు నాణేల దొంతరలా ఒకదానికొకటి అంటుకుని రక్తం ఇంకా చిక్కబడుతుంది, గడ్డకట్టడానికి వీలు దొరుకుతుంది. గుండ్రటి వాషర్ల బదులు ప్రవాహపు వంపును అనుసరించే సన్నని స్పేసర్లు వాడటం, వాటిని ప్రవాహం చురుకుగా ఉండే బయటి వైపుకు జరపడం నాకు సబబుగా తోస్తోంది. షాఫ్టు కేసింగులోంచి బయటికి వచ్చే చోటి సీలు దగ్గర కూడా ఇదే బెడద ఉంది కాబట్టి, గోడ అవతలి నుంచి అయస్కాంతాలతో తిప్పడం మంచిది.

సామర్థ్యం గురించి పెద్ద ఆశలు పెట్టుకోకూడదు. ద్రవం డిస్కుల అంచును దాదాపు స్పర్శరేఖ దిశలో, మంచి వేగంతో వదులుతుంది. ఆ వేగాన్ని పీడనంగా మార్చడంలో చిన్న వొల్యూట్ (అంచు చుట్టూ క్రమంగా వెడల్పయ్యే కేసింగు దారి) చాలా పోగొడుతుంది.

గ్లిజరిన్ ద్రావణం పీడనాన్ని, ప్రవాహాన్ని చూపగలదు కానీ కణాల సంగతి చెప్పలేదు. రక్తపు పంపు కణాలను ఎంత పగలగొడుతుందో పరీక్షించే ఏ.ఎస్.టి.ఎం. ఎఫ్1841 ప్రమాణం ప్రకారం నిమిషానికి 5 లీటర్లు, 100 మిల్లీమీటర్ల పాదరస పీడనం వద్ద ఆరు గంటలు జంతు రక్తాన్ని తిప్పి, ప్లాస్మాలోకి విడుదలైన హిమోగ్లోబిన్‌ను కొలవాలి. అది కూడా అదే రక్తంతో, పక్కనే మరో లూపులో ఒక రెక్కల పంపును నడిపి పోల్చాలి. ఎందుకంటే దాత జంతువును బట్టి, రక్తం నిల్వ ఉన్న సమయాన్ని బట్టి కణాల గట్టితనం మారుతుంది. ఒంటరిగా తీసిన సంఖ్యతో ఏ డిస్కు పంపునూ మృదువైనదని చెప్పలేము.