ఫిల్టరు సంచీలో పెట్టుకుని

శనివారం పొద్దున్న మా ఇంట్లో డికాషన్ దిగలేదు. రాత్రి పడుకునే ముందు వేసి పెట్టాను. ఆరింటికి లేచి చూస్తే కింది గిన్నె అడుగు తడిసిందంతే. పైగిన్నెలో పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి, చల్లబడి. అది మా అమ్మ ఇచ్చిన ఇత్తడి ఫిల్టరు. తెనాలి నుంచి నాతో పాటే వైజాగ్ కాపురానికొచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు మొండికెయ్యలేదు. మూత తీసి మళ్ళీ పెట్టాను, పక్కల మీద అరచేత్తో కొట్టాను. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "ఈ పూటకి ఇన్‌స్టంట్ కలుపుకోరాదూ" అన్నారు. ఆ మాటకి నేను జవాబు కూడా చెప్పలేదు.

ఎలాగూ ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్ళాలి. ఫిల్టరుని ఉన్నదున్నట్టు పాత తువ్వాల్లో చుట్టి, పొడి ప్యాకెట్టు కూడా పడేసుకుని కూరల సంచీతో బయల్దేరాను.

ఆ దగ్గర్లోనే ఒక సందులో ఉంది నేను చెప్పబోయే కాఫీ షాపు. పేరు మాత్రం రాయను, ఇప్పటికే ఆదివారాలు కూర్చోడానికి చోటు దొరకట్లేదు. లోపల నాలుగు బల్లలు, బయట వేపచెట్టు కింద రెండు. గింజలు అక్కడే వేయించరు గానీ, పొడి మాత్రం మన కళ్ళముందే పట్టిస్తారు. పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఆయన స్నేహితుడు ఒకే పేపర్ని చెరి సగం చదువుకుంటూ ఉంటారు. లాప్‌టాప్ పెట్టుకున్న ఒక అమ్మాయి ఒక్క కాఫీతో పన్నెండింటిదాకా కూర్చుంటుంది, ఎవరూ లెమ్మనరు. ఇడ్లీ బాగుంటుంది. ఉప్మా జోలికి మాత్రం వెళ్ళకండి.

ఓనర్‌ని అందరూ మాస్టారూ అనే పిలుస్తారు. ఆయన ఏనాడూ పాఠం చెప్పలేదు. వైజాగ్‌లో అందరూ మాస్టార్లే, తెనాలి మనిషిని కాబట్టి నాకది అలవాటు కావడానికి కొన్నేళ్ళు పట్టింది.

"మాస్టారూ, ఇది దిగట్లేదు" అని తువ్వాలు విప్పి కౌంటరు మీద పెట్టాను. నవ్వుతాడేమో అనుకున్నా, నవ్వలేదు. పైగిన్నెలో నీళ్ళు వంపేసి, అడుగున ఉన్న తడిపొడి చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు.

"ఎక్కడ పట్టించారమ్మా ఇది?"

ప్యాకెట్టు చూపించాను. ఆన్‌లైన్లో తెప్పించాను, మీద ఎస్ప్రెస్సో అని ఉంటే చిక్కగా వస్తుందేమో అనుకుని.

"ఇది మిషన్ కోసం పట్టిన పొడి. మిషన్‌లో అయితే నీళ్ళని ప్రెషర్‌తో తోస్తుంది. మన ఫిల్టర్‌లో తోసేవాడెవడు? నీళ్ళు వాటి బరువుకి అవే దిగాలి. ఇంత మెత్తగా ఉంటే బురదలా పట్టేస్తుంది, అంతే."

అంతటితో వదల్లేదు. పైగిన్నె కడిగి వెలుతురుకెత్తి చూపించాడు. సగానికి సగం చిల్లులు మూసుకుపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళలో రోజూ తోముతున్నానే గానీ ఒక్కసారి అలా ఎత్తి చూసిన పాపాన పోలేదు. "స్టీలుదైతే స్టవ్ మీద ఒక్క నిమిషం కాల్చేసేవాణ్ణి, ఇరుక్కున్న పొడంతా మాడి రాలిపోయేది. ఇత్తడికి అలా చెయ్యకూడదు, లోపల కళాయి కరిగిపోతుంది" అంటూ దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, గుండుసూదిచ్చి కుర్రాడిని కూర్చోబెట్టాడు.

ఈలోపు నాకు ఒక కాఫీ వచ్చింది. మాస్టారు చేస్తుంటే చూడాలి. గ్లాసులో వేడినీళ్ళు తిప్పి పారబోస్తాడు. ముందు పంచదార, దాని మీద డికాషన్, ఆఖర్న పొంగొచ్చిన పాలు. రెండే రెండు సార్లు, మూరెడు ఎత్తు నుంచి తిరగబోస్తాడు. మూడోసారి పోస్తే చల్లారిపోతుందంటాడు. మొన్నామధ్య మా అమ్మాయి ఒక మాల్‌లో తాగించిన కాఫీ మీద పాలతో ఆకు బొమ్మ గీశారు. బొమ్మ బాగుంది. గ్లాసుకి 30 రూపాయలు తీసుకునే మాస్టారికి బొమ్మలు రావు.

"చికోరీ ఎంత కలపమంటారు?" అన్నాడు, నాకు కొత్తపొడి పట్టిస్తూ. నాన్న లెక్క నాకు నోటికొచ్చు, ఎనభైకి ఇరవై. చికోరీ అంటే వేరే రకం గింజ అని నేను చాలాకాలం అనుకునేదాన్ని. అది ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి పొడి కొడతారు. రంగూ చిక్కదనమూ ఇస్తుంది గానీ కెఫీన్ ఉండదు. చట్టం ప్రకారం 49 శాతం దాటకూడదు. షాపుల్లో కాఫీ 53, చికోరీ 47 అని కనిపించే ప్యాకెట్లు గీత మీద కాలు పెట్టి నిలబడ్డవే అన్నమాట.

గుండుసూదితో కుస్తీ పడుతున్న కుర్రాడిది పాడేరు వైపు ఊరు. ఇంటి దగ్గర కాఫీ తోట ఉందట. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. నవంబరు వచ్చిందంటే పండు కోతకి సెలవు పెట్టేస్తాడు, మళ్ళీ సంక్రాంతి దాటాకే రావడం.

"మరి మీ ఇంట్లో రోజూ కాఫీయేనా?"

"లేదు మేడమ్, అంబలి. కాఫీ తాగడం నేనిక్కడికొచ్చాకే నేర్చుకున్నాను."

ఆ కొండల కాఫీకే 2017లో పారిస్‌లో అరకు పేరుతో షాపు తెరిచారు. 2019లో అరకు అరబికా రకం కాఫీకి జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతానిదేనన్న గుర్తింపు, వచ్చింది. ఇక్కడికి మూడు నాలుగు గంటల దూరంలో ఆ తోటలుంటే, నేను మా నాన్న మాట పట్టుకుని ఇన్నేళ్ళూ చిక్కమగళూరు గింజలే వెతుక్కున్నాను. ఆ కుర్రాడి ముందు ఆ సంగతి చెప్పలేదు.

చిల్లులన్నీ తెరుచుకున్నాక మాస్టారు నా ఫిల్టర్‌లోనే మూడు చెంచాల కొత్తపొడి వేసి, చిల్లుల బిళ్ళతో కాస్త అదిమి, మరిగిన నీళ్ళు పోశాడు. చెవి దగ్గర పెట్టి విన్నాను. టప్... టప్... మా ఇంటి వంటింటి చప్పుడే. "దిగనివ్వండి, కూరలు కొనుక్కు రండి" అన్నాడు.

వంకాయలూ, గోంగూరా, అరకిలో చిక్కుళ్ళూ కొనుక్కుని ముప్పావుగంటకి తిరిగొచ్చాను. పోర్టు పెద్దాయన సగం పేపర్ పక్కన పెట్టి నావైపు తిరిగారు.

"ఈ ఇత్తడి ఫిల్టరు మీదేనామ్మా? మాస్టారి డికాషన్ కంటే ఇదే బావుంది."

ఆయన ముందు ఖాళీ గ్లాసు ఉంది. నేను మాస్టారి వంక చూశాను. ఆయన కౌంటర్ వెనక లెక్క రాసుకుంటూ, తలెత్తకుండానే, "ఆ కాఫీ డబ్బులు మీ పొడి బిల్లులో తగ్గించేశానమ్మా" అన్నాడు.