అన్నతోపాటు లేవని రక్తం

మా నాన్న కావలి వీధుల్లో తూలుతూ నడుస్తుంటే తాగొచ్చాడనుకునేవాళ్లు. చుక్క ముట్టని మనిషి. ఆయన పోయిన పదేళ్లకు అదే నడక అన్నకొచ్చింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో రక్తపరీక్ష చేయిస్తే ఎస్‌సీఏ2 అని తేలింది, చిన్నమెదడు దెబ్బతిని నడక తూలే వంశపారంపర్య జబ్బు. 12వ క్రోమోజోమ్ మీది ఒక జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క మామూలుగా 22 సార్లు ఉంటుంది. అన్నకు 39 సార్లు ఉంది.

నడక సంగతి చూసినవాళ్లందరికీ తెలుస్తుంది. మమ్మల్ని తిప్పలు పెట్టింది మాత్రం బీపీ.

పోయినేడు రోహిణి కార్తెలో, మధ్యాహ్నం చేపల పులుసు బాగుందని రెండు ముద్దలు ఎక్కువే తిని, చెయ్యి కడుక్కుందామని లేచి, దొడ్లో పంపు దగ్గర కుప్పకూలాడు. కాళ్లు తడబడ్డాయనుకున్నాం. వదిన ఒక్కతే, "కాదబ్బయా, పడబోయేముందు కళ్లు బైర్లు కమ్ముతుండాయన్నాడు" అంది. ఎవరం పట్టించుకోలేదు. ఒక క్లినిక్‌లో పడుకోబెట్టి చూసి, బీపీ ఎక్కువుందని మాత్ర రాశారు. అది మింగిన వారంలో ఇంకో రెండుసార్లు పడ్డాడు.

నెల్లూరులో నరాల డాక్టరు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూశారు. 148, 112, 96. పై అంకె 20 పడినా జబ్బు కిందే లెక్కట, ఇక్కడ 52 పడింది. నాడి మాత్రం నాలుగే పెరిగింది. లేచి నిలబడగానే అర లీటరు పైన రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగుతుందట. నరాలు రక్తనాళాల్ని బిగించి, గుండెను తొందరపెట్టి దాన్ని పైకి పంపాలి. అన్నకు చిన్నమెదడుతో పాటు ఆ నరాలూ మందగించాయి. పైగా ఎండకు రక్తనాళాలు వదులవుతాయి, కడుపునిండా తింటే రక్తం అటు పోతుంది. ఆ మధ్యాహ్నం రెండూ కలిశాయి. బీపీ మాత్ర ఆపించారు.

ఆ గదిలోనే ఇంకోటి బయటపడింది. ఒంటికి వస్తే అన్నకు ఆగదు. పరుగెత్తాలి, పరుగెత్తే కాళ్లా అవి? లుంగీ తడుస్తుందని ఏడాదిగా నీళ్లు తాగడమే తగ్గించేశాడు. దాంతో బీపీ ఇంకా పడేది. డాక్టరు అడిగితే గోడవైపు చూస్తూ చెప్పాడు. ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలియదు.

ఇప్పుడు పొద్దున మంచం దిగకముందే రెండు గ్లాసుల నీళ్లు. పక్కనే ఒంటికి పోసుకునే డబ్బా. తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు, పొట్టకు బెల్టు. అన్నం కొంచెం కొంచెంగా నాలుగు పూటలు. మజ్జిగలో డాక్టరు చెప్పినంత ఉప్పు. (చూసి మీరూ వేసుకునేరు, ఇది అన్న లెక్క.) వచ్చినవాళ్లు "బీపీ మనిషికి ఉప్పేందమ్మా" అని వదినకు చీవాట్లు పెట్టి పోతారు. ఆమె తలూపి, వాళ్లు గేటు దాటాక వేస్తుంది.

నాకూ ఈ జబ్బు వచ్చేందుకు సగానికి సగం అవకాశముంది. పరీక్ష చేయించుకోలేదు, దాని గురించి ఇప్పుడు రాయను.

మొన్న ఓ పెళ్లిలో పంక్తి అంతా లేచిపోయినా అన్న విస్తరి ముందే కూర్చుని కాలి మడమలు ఎత్తి దించుతున్నాడు. "ఏందిరా, ఇంకా వడ్డించాలా?" అన్నాడు మా మామ.

"నేనొక్కడినే లేస్తే చాలదు మామా, రక్తం కూడా లేవాల గదా. దానికోసం చూస్తుండా."