నాలుగు ఎముకలూ ఒకేసారి: ఎత్తు పెంచుకునే ఆపరేషన్‌తో నా అనుభవం

మొన్న సోమవారం డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి, వాకర్ పక్కన పెట్టి చేతికర్రతో నడవొచ్చన్నారు. ఆ సంతోషమూ, వేరే కొందరి మీద కోపమూ చల్లారకముందే రాసేస్తున్నా.

నాది 5 అడుగుల 3 అంగుళాల ఎత్తు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని చిన్నప్పటి నుంచీ అందరూ మెచ్చుకున్నవాళ్ళే. పెళ్ళిచూపుల దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధులు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఎందుకు చేయించుకున్నావని అడిగేవాళ్ళకి నా జవాబు ఒక్కటే: కావాలనిపించింది, నా సంపాదనతో చేయించుకున్నా. ఇందులో సంజాయిషీ ఏమీ లేదు.

పద్ధతి కొత్తదేం కాదు. 1950లలో సోవియట్ యూనియన్‌లోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టర్ అతకని ఎముకల కోసం దీన్ని కనిపెట్టారు. ఎముకను కోసి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తూ పోతే ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి ఇది వరమే. గొడవంతా ఎత్తు కోసం వాడటం దగ్గరే. 2016లో మన హైదరాబాద్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా చేయించుకుంటే విషయం మెడికల్ కౌన్సిల్ దాకా వెళ్ళింది. అందుకని నేను ముందే చెప్పా. అమ్మ కొన్నాళ్ళు మాట్లాడలేదు, అంతే.

ఇద్దరు సర్జన్ల దగ్గరికి వెళ్ళా. మొదటాయన పెద్దాయన. తొడలు మాత్రమే చేద్దాం, అది కూడా ఐదారు సెంటీమీటర్లు, కింది కాళ్ళ సంగతి ఏడాది తర్వాత ఇంకా కావాలనిపిస్తే చూద్దాం అన్నారు. రెండు తొడలూ రెండు కింది కాళ్ళూ కలిపి నాలుగు ఎముకల్లో ఒకేరోజు మూలుగను తొలిచి రాడ్లు దింపితే అందులోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చనీ, కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంటుందనీ బొమ్మ గీసి మరీ చెప్పారు.

రెండో చోట సర్జన్ కంటే ఎక్కువగా మాట్లాడింది కోఆర్డినేటర్. ఒకే మత్తు, ఒకే సెలవు, ఒకే ఖర్చు; తొడా పిక్కా సమానంగా పెరుగుతాయి కాబట్టి చూడ్డానికి తేడా తెలీదు; పైగా పది సెంటీమీటర్లు దాటొచ్చు. నా మట్టుకు అసలు ఆకర్షణ ఇంకోటి: చుట్టాలకి బైక్ యాక్సిడెంట్ అనే అబద్ధం ఒక్కసారి చెబితే సరిపోతుంది. రెండో చోటే ఖాయం చేసుకున్నా.

ఇన్సూరెన్స్ జోలికి పోకండి, కాస్మెటిక్ సర్జరీకి ఇవ్వరు. ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆ రాత్రి ఆక్సిజన్ కాస్త పడిపోయిందని ఐసీయూలో పెట్టారు, తెల్లారేసరికి సర్దుకుంది.

ఇంటికొచ్చాక తొడల్లోని రాడ్లు అయస్కాంతం మిషన్‌తో సాగేవి. కింది కాళ్ళకి మాత్రం బయట రింగులు, నట్లు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైర్ అయ్యాడు. పది నంబరు స్పానర్ ఆయన చేతికిచ్చారు. పావు తిప్పు అంటే పావు మిల్లీమీటరు. ప్రతి నట్టుకీ మార్కర్‌తో గీత పెట్టి, క్యాలెండర్ వెనక లెక్క రాసుకుంటూ, టైము తప్పకుండా తిప్పేవాడు. అంత శ్రద్ధ ఆ ఆసుపత్రిలో ఎవరిలోనూ చూడలేదు. యాక్సిడెంట్ మాట నమ్మిన మామ ఆదివారాలు కూకట్‌పల్లి దాకా పాయా మోసుకొచ్చేవాడు. తప్పు చేసినట్టు తలవంచుకుని తాగేవాణ్ణి.

ఇక అసలు సంగతి. ఎముక చెప్పినట్టు వింటుంది. కండరమూ నరమూ వినవు. మడమ నేలకి ఆనడం మానేసింది, మోకాలు పూర్తిగా చాచలేను. ఇవి ముందే చెప్పారు కాబట్టి పళ్ళు బిగించి స్ట్రెచింగ్ చేశా. ఒకరోజు ఇంటికొచ్చే ఫిజియో అమ్మాయి "అన్నా, బొటనవేలు పైకెత్తండి" అంది. ఎడమది లేచింది. కుడిది లేవలేదు. పాదం పైభాగం మొద్దుబారినట్టుంది. ఈ రోజు తిప్పకండి, ముందు చూపించండి అని ఆ అమ్మాయే చెప్పింది.

అంబులెన్స్ మాట్లాడుకుని వెళ్తే సర్జన్ లేరు, కాన్ఫరెన్స్‌ట. వీల్‌చైర్‌ని ఓపీ హాల్లోనే ఆపేశారు. డ్యూటీ డాక్టర్ వచ్చి, పక్కన ఇద్దరు విద్యార్థుల్ని నిలబెట్టుకుని "ఎత్తు బాబూ, ట్రై చెయ్యి" అన్నాడు. దుప్పటి మోకాళ్ళ పైకి జరిపేశారు, కింద నిక్కరు, రింగులు, పసుపు మరకల కట్లు. చుట్టూ జనం. ఒక పెద్దావిడ "అయ్యో, ఏ లారీ గుద్దింది నాయనా?" అంది. నేను నోరు తెరిచేలోపే కోఆర్డినేటర్ నవ్వుతూ "లారీ కాదమ్మా, హైట్ కోసం చేయించుకున్నారు" అంది. హాలంతా నా కాళ్ళకేసి తిరిగింది. వేలు మాత్రం కదలట్లేదు. "పేషెంట్‌కి మోటివేషన్ తక్కువ, ఎక్సర్‌సైజ్ సరిగ్గా చెయ్యట్లేదు" అని డ్యూటీ డాక్టర్ ఫైల్లో రాసి, రోజూలాగే తిప్పమని పంపేశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

నాన్న లిఫ్ట్ దగ్గర ఒక్కటే అన్నాడు: "బిగుసుకున్న నట్టుని ఇంకా తిప్పితే మరలు పోతాయి."

అటునుంచి అటే మొదటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన వేలు చూసి, మోకాలి పక్కన వేలితో తట్టారు. జివ్వుమంది. తుంటి దగ్గర మొదలయ్యే పెద్ద నరం మోకాలి వెనక చీలి, ఒక పాయ అక్కడే ఎముకను చుట్టుకుని పాదానికి దిగుతుందట. తొడనీ పిక్కనీ ఒకేసారి సాగదీస్తే భారమంతా ఆ ఒక్క నరం మీదే పడుతుంది. ఆలస్యం చేస్తే పాదం పైకి లేవకుండా అలాగే ఉండిపోవచ్చు కూడా. "స్పానర్ ఎవరి దగ్గరుంది?" అని అడిగి, నాన్న వైపు తిరిగి "కింది కాళ్ళు ఇవాళ్టితో ఆపేయండి" అన్నారు. కింద 3 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయా. తొడలు వేగం తగ్గించి 6 దాకా తెచ్చారు. వేలు మెల్లగా, చాలా మెల్లగా తిరిగొచ్చింది.

చేయించుకునేవాళ్ళకి: సర్జన్ ఊళ్ళో లేనప్పుడు ఎవరు చూస్తారో పేరుతో సహా రాయించుకోండి. ఫిజియోకి డబ్బు విడిగా దాచుకోండి, నా ప్యాకేజీలో అది లేనే లేదు. రోజూ పొద్దున్నే బొటనవేళ్ళు ఎత్తి చూసుకోండి. కోఆర్డినేటర్లకి మీ అబద్ధం ఏంటో ముందే చెప్పి పెట్టుకోండి.

ఎడమ కింది ఎముక ఒక పక్క ఇంకా నిండాలి కాబట్టి కర్ర మరికొన్నాళ్ళు తప్పదు. పరుగు మాట ఇప్పుడే ఎత్తొద్దన్నారు. అమ్మ మాత్రం బయోడేటా మళ్ళీ టైపు చేయించింది. ఆవిడ 5.7 అంటుంది. నాన్న టేపు పెట్టి కొలిచి, ఐదడుగుల ఆరున్నర అంగుళాలు దాటదు, ఉన్నదే వెయ్యమంటున్నాడు.